కుడికాలికి నీలాపనింద

మెట్రో ఇంకా గుర్గావ్ ముఖం చూడని రోజులవి. (ఇప్పుడు గురుగ్రామ్ అనాలి. మా నాన్న మాత్రం ఈనాటికీ అనరు. "పేరు మారిస్తే ట్రాఫిక్ తగ్గిందా?" అంటారు.) ఢిల్లీ ప్రభుత్వ క్వార్టర్లలో పెరిగిన మాబోటి ఆడపిల్లలకి ఆ రోజుల్లో గుర్గావ్ ఉద్యోగమంటే అద్దాల మేడ, మెడలో వేలాడే కార్డు, ఇంట్లోవాళ్ళకి గుండెదడ. చదువు పూర్తవుతూనే, ఇరవై రెండేళ్ళకి, నాకలాంటి ఉద్యోగం వచ్చింది. మా నాన్నది తెనాలి. ఢిల్లీలో ఓ కేంద్ర ప్రభుత్వ పరీక్షాశాలలో కరెంటు పరికరాలని మీటరుతో కొలిచి, బాగున్నాయని సంతకం పెట్టడం ఆయన పని. నా ఉద్యోగం కాగితాన్ని కూడా అలాగే అటూ ఇటూ తిప్పి చూసి, ఒక్క షరతు పెట్టారు. "ఆఫీసు క్యాబుల్లో ఎవడో తెలియని డ్రైవరుతో వద్దమ్మా. మన కారు నువ్వే నడుపుకుంటూ వెళ్ళు, నువ్వే నడుపుకుంటూ రా. చేరడానికి నెల టైముంది, నేనే నేర్పుతాను." ఎగిరి గంతేశాను. ఆ ఉద్యోగం కోసం విమానం నడపమన్నా నేర్చుకునేదాన్ని.

మా కారు ఎవరో పెద్ద అధికారి వాడి వదిలేసిన పాత బండి. అది ఇంటికొచ్చిన రోజున అమ్మ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, పసుపూ కుంకుమా పెట్టి, స్వామివారి చిన్న స్టిక్కరు ఎక్కడ అంటించాలా అని లోపలంతా వెతికింది. స్పీడు చూపించే ముల్లు పక్కన అద్దం మీద ఓ మూల నల్లగా, ఖాళీగా కనిపించింది. శుభ్రంగా తుడిచి అంటించేసింది. తీరా నాన్న తాళం తిప్పేసరికి స్వామి వెనకనుంచి పసుపుపచ్చటి వెలుగు! అమ్మ చెంపలేసుకుంది. బండి స్టార్టవగానే వెలుగు ఆరిపోయింది. "తాళం తిప్పితే అన్ని లైట్లూ ఓసారి వెలుగుతాయిలేవే" అన్నారు నాన్న. ఆ మూల వెలిగే లైటు దేనికో మాత్రం ఆయనా చూడలేదు.

రోజూ పొద్దున్నే కాలనీ రోడ్డు మీద నాకు పాఠాలు. పక్కన నాన్న, వెనక సీట్లో స్తోత్రాలు చదువుతూ అమ్మ. "యాక్సిలరేటర్ మీద కాలు కోడిగుడ్డు మీద పెట్టినట్టుండాలి" అనేవారు నాన్న. నేను అక్షరాలా అలాగే పెట్టేదాన్ని. బండి బుద్ధిగా కదిలేది, కాస్త దూరం వెళ్ళగానే ఎక్కిళ్ళొచ్చినట్టు రెండు కుదుపులు కుదిపి చచ్చేది. అమ్మ తల ముందు సీటుకి కొట్టుకునేది, "గోవిందా!" అనేది. వాకింగ్ చేస్తున్న పక్క క్వార్టర్ అంకుల్ ఆగి మరీ "క్లచ్, బేటా, క్లచ్!" అని అరిచేవాడు. (ఆయనకి కారు లేదు, సలహాలు మాత్రం బోలెడు.) అప్పుడు నాన్న దిగొచ్చి నా సీట్లో కూర్చునేవారు. మనకి చెప్పే కోడిగుడ్డు సిద్ధాంతం ఆయనకి వర్తించదు. ఢిల్లీ రోడ్ల మీద మెల్లగా తొక్కినవాడు ఇంటికి చేరడని ఆయన నమ్మకం. ఒక్క తొక్కు తొక్కితే బండి రయ్యిన దూసుకుపోయేది.

"చూశావా? బండికే రోగమూ లేదు" అనేవారు.

"లేదు నాన్నా, కొంచెం తొక్కగానే ప్రాణం పోయినట్టు అయిపోతోంది. బండిలోనే ఏదో ఉంది."

"ఆడలేక మద్దెల ఓడు అన్నాట్ట వెనకటికెవడో."

ఇంకో విచిత్రం కూడా జరిగేది. నా చేతిలో బండి కుదిపినప్పుడల్లా స్వామి వెలిగేవాడు. నాన్న చేతికెళ్ళిన కాసేపటికి ఆరిపోయేవాడు. "పిల్ల నడిపితేనే వెలుగుతున్నాడండీ, దాని భక్తి అలాంటిది!" అని అమ్మ పొంగిపోయేది. పండక్కి కూడా బతిమాలితే గానీ దణ్ణం పెట్టని నేను, నిజం చెప్పొద్దూ, నాలుగు రోజులు ఆ మాట నమ్మాను.

నెల గడిచిపోయింది. చివరి ఆదివారం కాలనీ గేటు దగ్గర బండి ఆగిపోయి, వెనక బస్సు హారన్ల మీద హారన్లు కొడుతుంటే, నాన్న స్టీరింగు తీసుకున్నారు. ఇంటికొచ్చాక నా తల నిమిరి, "నీ వల్ల కాదులే తల్లీ. కొందరి కాలికి అది రాదంతే. నీ తప్పేం కాదు" అన్నారు. తిట్టినా బాగుండేది. గదిలోకి వెళ్ళి నా కుడికాలిని చాలాసేపు చూసుకుని, నిజమే కాబోలు అనుకున్నాను. సొంత కారణాల వల్ల చేరలేనని కంపెనీకి రాసేసి, కాలనీ పక్క బడిలో లెక్కల టీచరుగా చేరాను. నడిచే వెళ్ళొచ్చు, ఆ కుడికాలితోనే.

వానాకాలం వచ్చింది. ధౌలా కువాఁ కూడలి దగ్గర నీళ్ళు నిలిచి, కార్లన్నీ చీమల బారులా కదులుతుంటే, నాన్న జన్మలో మొదటిసారి మెల్లగా తొక్కాల్సి వచ్చింది. బండి కుదిపి ఆగింది. మళ్ళీ స్టార్ట్ చేస్తే మళ్ళీ ఆగింది. గ్యారేజీలో బండికి ఓ డబ్బా తగిలించి చూసి, "థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో ఫాల్ట్ సార్, బదల్ దో" అన్నారట. యాక్సిలరేటర్ ఎంత తొక్కామో ఇంజన్‌కి చెప్పే చిన్న పరికరం అది. తొక్కేకొద్దీ దాని వోల్టేజి పెరగాలి. కొలవకుండా దేన్నీ నమ్మని నాన్న, మార్చడానికి ఒప్పుకోకుండా బండిని ఇంటికి తెచ్చి, తన ముల్లు మీటరు తీసి, బోనెట్ ఎత్తారు. తాళం తిప్పి ఉంచి, పెడల్ తొక్కడానికి అమ్మని కూర్చోబెట్టారు. అమ్మ కుట్టుమిషను తొక్కినట్టు తొక్కింది. ముల్లు సర్రున పైకెళ్ళింది. ఆయనే కూర్చుని తొక్కి నన్ను చూడమన్నారు. అంతే, సర్రున పైకి. కాసేపు గడ్డం గోక్కుని, నా ముఖం చూడకుండా అన్నారు.

"అమ్మాయ్, నువ్వు కూర్చో. నీలాగే తొక్కు."

"నాలాగే అంటే?"

"అదే... కోడిగుడ్డు."

తొక్కాను. "పెరుగుతోంది, పెరుగుతోంది" అంటున్న నాన్న గొంతు ఠక్కున ఆగింది. "మళ్ళీ తొక్కు" అన్నారు. మళ్ళీ తొక్కాను. "ఇంకోసారమ్మా." మెల్లగా తొక్కితే కాలు నిలిచే ఆ కాస్త చోటే సెన్సర్ లోపల అరిగిపోయింది. ముల్లు అక్కడికొచ్చి సున్నాకి పడిపోతోంది. నాన్న కాలు ఏనాడూ అక్కడ ఆగింది కాదు. నా కాలు రోజూ అక్కడే ఆగేది, ఆయన నేర్పినట్టే. ఎత్తిన బోనెట్ వెనక నాన్న ముఖం నాకు కనపడలేదు. ఎంతసేపటికీ దించలేదు. ఆ తర్వాత వచ్చి, స్వామి స్టిక్కరుని గోటితో జాగ్రత్తగా ఊడదీశారు. కింద పసుపుపచ్చగా ఇంజన్ బొమ్మ వెలుగుతోంది. ఇంజన్లో లోపముంటే వెలిగే లైటట అది. "అయ్యో, స్వామి మొదట్నుంచీ చెప్తూనే ఉన్నాడండీ!" అంది అమ్మ. నాన్న స్టిక్కరు అమ్మ చేతిలో పెట్టి, నావైపు తిరిగి, "సర్వీసంతా కొలిచి సంతకం పెట్టినవాణ్ణి. నీ కాలికి మాత్రం కొలవకుండా పెట్టేశానమ్మా" అన్నారు. నాకు ఏడుపాగలేదు.

మర్నాడు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని (ఫోన్లో చొక్కా ఎవరికి కనిపిస్తుందో!) గుర్గావ్ కంపెనీకి ఫోన్ చేశారు. ఎవరికీ సిఫార్సు చెయ్యని మనిషి. "మేడమ్, దేర్ వజ్ నో డిఫెక్ట్ ఇన్ మై డాటర్స్ ఫుట్" అని మొదలుపెట్టారు. అవతలి అమ్మాయి నా కాలు విరిగిందనుకుని పాపం ఎలా ఉందని అడిగిందట. నాన్న వోల్టేజి దగ్గర్నుంచీ ఓపిగ్గా వివరించారు. చివరికి ఆ పిల్ల, "సారీ అంకుల్, ఆ సీట్లో వేరేవాళ్ళు చేరిపోయారు" అంది. నాన్న రిసీవరు కోడిగుడ్డు మీద పెట్టినంత మెల్లగా పెట్టేశారు.

కొత్త సెన్సర్ వేయించిన వారానికే కారు హాయిగా నడిపేశాను. కానీ వెళ్ళడానికెక్కడుంది? బడి పక్కనే.

నేనిప్పటికీ లెక్కల టీచర్నే. నా క్లాసు పిల్లలెవరైనా పుస్తకంలో లెక్కే తప్పుందంటే, మిగతావాళ్ళు నవ్వుతున్నా సరే, ముందు పుస్తకం తీసి చూస్తాను. ఇప్పుడు నా సొంత కారుంది. తాళం తిప్పగానే అన్ని లైట్లూ వెలుగుతాయి, నా చెయ్యి దానంతటదే చెంపల మీదికి పోతుంది. అప్పుడప్పుడు నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని గుర్గావ్ వైపు వెళ్తాను. ఆ అద్దాల మేడ దగ్గర పడుతుండగానే నాన్న అటు చూడకుండా, "రోడ్డు ఖాళీగానే ఉంది, కాస్త గట్టిగా తొక్కమ్మా" అంటారు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఆ మాట మానలేదు. నేను "అలాగే నాన్నా" అంటాను. అని, ఆ మేడ దాటేదాకా మెల్లగానే తొక్కుతాను. ఇరవై రెండేళ్ళ పిల్ల ఒకతి ఏ అంతస్తులో కూర్చుని ఉండేదో చూసుకోవాలి కదా.