వదిన మంట, నా ఉప్పు

మా వదినకి పొగడ్తలు పడవు. హాల్లోంచి ఎవరైనా వంటగది కిటికీలోకి తల పెట్టి, ఇవాళ పాస్తా అదిరిందమ్మా అంటే, "సరే, ఆ ప్లేటు ఇటివ్వండి" అంటుందంతే. నాకు మాత్రం ఆవిణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే నేనే వండినంత సంబరం. ఆ మాట ఆవిడ ముందు ఛస్తే ఒప్పుకోను. మేమిద్దరం పొద్దున లేచింది మొదలు కీచులాడుకుంటూనే ఉంటాం. వదినా ఆడపడుచులం, ఒకే ఇంట్లో తిని ఒకే వంటగదిలో పనిచేసేవాళ్ళం. కీచులాట మానేశామంటే ఇద్దరిలో ఒకరికి ఒంట్లో బాగాలేదని అర్థం.

మా హోటలు ఒక ఆఫీసుల భవనం కింది అంతస్తులో ఉంటుంది. హాలు విశాలమే గానీ వంటగది రైలుపెట్టెలా పొడుగ్గా, ఇరుగ్గా ఉంటుంది. ఎవరైనా ఎదురొస్తే పక్కకి తిరిగి పొట్ట లోపలికి పీల్చుకోవాల్సిందే. ఒక చివర పొయ్యిలు, రెండో చివర కూరగాయలు తరిగే బల్ల. పొయ్యి వదినది, బల్ల నాది. వదిన ఈ హోటల్లోకి మొదట అంట్లు తోమడానికి వచ్చింది. తోముతూ తోముతూ అప్పటి వంటాయన చేతులు చూసి నేర్చుకుంది. ఆయన మానేసి వెళ్ళిన రోజున హాలంతా జనం కూర్చుని ఉంటే, ఎవరూ చెప్పకుండానే కొంగు దోపుకుని పొయ్యి దగ్గర నిలబడింది. మళ్ళీ అక్కణ్ణించి కదిలింది లేదు.

ఆవిడ చేతి వంటల్లో జనం ఎగబడేది కార్బొనారా పాస్తాకి. అసలు పద్ధతిలో అందులో మాంసం ముక్కలు వేస్తారట. వదిన వాటి బదులు ఆ కాలానికి ఏ కూరలు లేతగా వస్తే అవి వేస్తుంది. ఒకప్పుడు బఠాణీలు, బీన్సు. ఇంకొకప్పుడు జుకినీ, ఉల్లికాడలు. ఆ వంటకంలో పెద్ద సరంజామా ఏమీ ఉండదు. కోడిగుడ్డు పచ్చసొన, గట్టి చీజ్ తురుము, మిరియాలపొడి, పాస్తా ఉడికించిన నీళ్ళు. ప్రాణమంతా చివర్లో ఉంది. బాణలి దించేసి, ఆ వేడి మీదనే సొన పోసి కలపాలి. వేడి ఎక్కువైతే గుడ్డు ముక్కలు ముక్కలై అట్టులా అయిపోతుంది. తక్కువైతే పచ్చివాసన కొడుతుంది. వదిన బాణలిలో చప్పుడు విని దించుతుంది. ఏ చప్పుడని అడిగితే, "వినపడ్డంలా నీకు?" అని నన్నే తిడుతుంది. నాకు ఏమీ వినపడదు. నేను చేసిన ప్రతిసారీ అట్టే అయింది.

పోయిన వానాకాలంలో వదినకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ రుచీ వాసనా పట్టుకుపోయింది. నిమ్మకాయ కొరికినా, మిరియం నమిలినా ఆవిడకి ఒకటే. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. ఆ మాట విని ఇంటికొచ్చాక వదిన చాలాసేపు పెరట్లో కూర్చుంది. లోపలికి వచ్చి, ఈ సంగతి హోటల్లో ఎవరికైనా తెలిసిందో నీ నాలుక కోస్తానంది. మా అన్నయ్య మాత్రం ఉప్పు సీసా తెచ్చి భోజనాల బల్ల మధ్యలో పెట్టాడు. అప్పట్నుంచి అది అక్కడే ఉంది.

జ్వరం తర్వాత మొదటి వారంలో ఒక ప్లేటు చప్పగా ఉందని వెనక్కి వచ్చింది, ఇంకోటి ఉప్పు కషాయమని వచ్చింది. ఇక లాభం లేదని, వదిన ఏప్రన్ కట్టుకునే లోపల పాస్తా నీళ్ళలో ఉప్పు నేనే వేసెయ్యడం మొదలుపెట్టాను. గుడ్లు కొట్టి వాసన చూసేదాన్నీ నేనే. వదిన చూసిందో లేదో నాకు తెలియదు. మొత్తానికి ఉప్పుడబ్బాలో చెయ్యి పెట్టడం మానేసింది. చివర్లో మాత్రం గరిటెతో కాస్త నా నోటికి అందించి నా మొహంలోకి చూసేది. నా కనుబొమ్మ ముడిపడితే ఏదో తక్కువైనట్టు. మామూలుగా ఉంటే సరిపోయినట్టు. దాని గురించి మేం ఒక్కసారి కూడా నోరు తెరిచి మాట్లాడుకోలేదు. ఉప్పుందా అని అడగడం ఆవిడకి తలకొట్టేసినట్టు. లేదని చెప్పడం నాకు అంతకంటే కష్టం.

అలా బండి నడుస్తుండగా పాత యజమాని హోటల్ని ఇంకొకాయనకి అమ్మేశాడు. కొత్తాయన చెడ్డవాడని చెప్పలేను. కానీ ముద్ద ముద్దకీ రుమాలుతో మూతి తుడుచుకుంటాడు, అది చూస్తే నాకు ఒళ్ళు మంట. మేం ఆయనకి రుమాలాయన అని పేరు పెట్టుకున్నాం. వచ్చిన రోజునే అటు గోడా ఇటు గోడా చూసి, వంటగదిలో పద్ధతి లేదన్నాడు. తనకు తెలిసిన వంటవాడు ఒకడున్నాడని, అతన్ని తెచ్చుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నానని మా ముందే అన్నాడు. ఆఖరికి ఒక మాట మీద ఆగాడు. వదిన తన కళ్ళముందు ఒంటిచేత్తో కార్బొనారా చెయ్యాలి. నీళ్ళు పట్టడం దగ్గర్నుంచి ప్లేటులో పెట్టేదాకా ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. నచ్చితే పొయ్యి ఆవిడది, లేకపోతే ఆ వంటవాడిది.

ఆ మాట విన్నాక వదిన నిమ్మకు నీరెత్తినట్టు గిన్నెలు సర్దుకుంటూ ఉంది. నేనే ఉండబట్టలేక రుమాలాయన్ని పట్టుకున్నాను. కూరలు కడిగి, తరిగి ఇవ్వడం వరకు నేను చెయ్యొచ్చా అని అడిగాను. అంతవరకైతే సరే అన్నాడు. చేసి పెట్టి నా బల్ల దగ్గరికి వెళ్ళిపోవాలి, పొయ్యివైపు రాకూడదు.

మర్నాడు హోటలు తెరవకముందే వచ్చాడు. వదిన కుండ నిండా నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టింది. ఆయన పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు సలసలమనే వేళకి ఆయన ఫోను మోగింది. అటు తిరిగి మాట్లాడుతున్నాడు. ఇదే అదననుకుని గుప్పెడు ఉప్పు తీసుకుని కుండ దగ్గరికి వెళ్ళాను. వదిన నా గుప్పిట చూసి చప్పున కళ్ళు దించుకుంది. చెయ్యి చాచానో లేదో, ఆయన ఫోను జేబులో పెట్టుకుని ఇటు తిరిగాడు. గుప్పిట అలాగే మూసుకుని బల్ల దగ్గరికొచ్చి పడ్డాను. వేయలేదన్న సంగతి వదినకి చెప్పే దారి లేదు.

అంతలో వదినే ఉప్పుడబ్బాలో చెయ్యి పెట్టింది. గుప్పిట మూసి తీసి కుండ మీద విదిలించింది. నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళ తర్వాత తనే అందాజుగా వేసిందనుకున్నాను. ఎక్కువైందో తక్కువైందో దేవుడెరుగు, మొత్తానికి పడింది కదా అనుకున్నాను. నా గుప్పిట్లో ఉప్పు తొక్కల బుట్టలో పారేశాను.

బఠాణీలు ఆ నీళ్ళలోనే ఒక్క పొంగు ఉడికించి తీసేస్తుంది వదిన. తీసిన గింజల్ని చల్లారడానికని చిల్లుల గరిటెతో గిన్నెలోకి వేసి నా వైపు తోసింది. అలవాటు కొద్దీ ఒక గింజ నోట్లో వేసుకున్నాను. తియ్యగా, లేతగా ఉంది. ఉప్పు మాత్రం పేరుకైనా లేదు. ఇంకొకటి వేసుకున్నాను. అదీ అంతే.

అప్పుడు తెలిసింది ఏం జరిగిందో. నా గుప్పిట చూసి నేనే వేసేశాననుకుంది వదిన. ఆయన చూస్తున్నాడని ఖాళీ చెయ్యి విదిలించింది. ఆవిడ వేసిందని నేనూ, నేను వేశానని ఆవిడా. రోజూ నేను వేస్తున్న సంగతి ఇన్నాళ్ళూ ఆవిడకి తెలుసన్నమాట.

అప్పటికే పాస్తా కుండలో పడిపోయింది. వదిన బీన్సు, జుకినీ ముక్కలు బాణలిలో వేయిస్తోంది. పక్కన గిన్నెలో పచ్చసొన, చీజ్ కలిపి సిద్ధంగా ఉంది. మా ఇద్దరికీ మధ్య రుమాలాయన వీపు. దగ్గాను. వదిన తిరగలేదు. కత్తి బల్ల మీద వేసి చప్పుడు చేశాను. ఆయన తిరిగి చూశాడు గానీ వదిన చూడలేదు. ఆవిడ చెవులు రెండూ బాణలిలోనే ఉన్నాయి. నోరు మూసుకుంటే చప్పటి పాస్తా ఆయన నోట్లోకి పోతుంది, పొయ్యి పోతుంది. నోరు తెరిస్తే ఇన్నాళ్ళు దాచింది బయటపడుతుంది, అప్పుడూ పొయ్యి పోతుంది. ఆయన మీద, ఆ జ్వరం మీద, ఉప్పుందా అని ఒక్కసారీ అడగని వదిన మీద, అందరి మీదా కోపం ముంచుకొచ్చింది. వదిన కుండలోంచి పాస్తా ఎత్తి బాణలిలో వేసింది. గరిటెడు నీళ్ళు పోసింది. ఇక దించడమే తరువాయి.

"వదినా, నీళ్ళలో ఉప్పు పడలేదు" అన్నాను.

వదిన వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఆగింది.

"నువ్వెయ్యలేదా?"

ఆ ఒక్క ముక్కతో అంతా అయిపోయింది. రుమాలాయన ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. అసలు మీ ఇద్దరిలో వంట చేసేది ఎవరని అడిగాడు. పాస్తా ఆగదు కదా, వదిన తన పని చూసుకుంది. సొనలోకి ఇంకాస్త చీజ్ తురిమింది, వేళ్ళతో చిటికెడు ఉప్పు వేసింది. చెవి ఒగ్గి ఒక్క క్షణం ఆగి, బాణలి దించి, సొన పోసి గిరగిరా తిప్పింది. గరిటెతో కాస్త తీసి, ఆయన్ని దాటుకుని నా దగ్గరికి వచ్చి, ఆయన చూస్తుండగానే నా నోటి దగ్గర పెట్టింది.

"చూసి చెప్పవే."

నేను ఇంకొంచెం అన్నాను. వేసింది. మళ్ళీ పెట్టింది. చాలన్నాను.

అప్పుడు ఆయన వైపు తిరిగింది. "జ్వరమొచ్చి నాకు రుచి పోయిందండీ. వాసన కూడా. ఉప్పు మా ఆడపడుచుది. మంట నాది" అని, ప్లేటు ఆయన చేతికిచ్చింది.

ఆయన అక్కడే నిలబడి తిన్నాడు. ఒక్క బఠాణీ మిగల్చలేదు. రుమాలు జేబులోంచి తియ్యడం కూడా మర్చిపోయాడు. నాకు కొండంత ఆశ పుట్టింది. ప్లేటు కింద పెట్టి, చాలా బాగుందమ్మా, ఇంత మంచిది నేనెక్కడా తినలేదు అన్నాడు. అని, కానీ అన్నాడు. చెడిపోయిన గుడ్డు పట్టుకోలేని మనిషిని పొయ్యి దగ్గర ఎలా ఉంచను, రేపు మీ ఆడపడుచు సెలవు పెడితే మీరేం చేస్తారు, తినేవాడికి ఏమైనా అయితే ఎవరిది పూచీ అని అడిగాడు. గట్టిగా కూడా అనలేదు. అది ఇంకా మండింది నాకు, ఎందుకంటే దానికి తిరుగు చెప్పలేకపోయాను. చివరికి నా వైపు తిరిగి, పొయ్యి నువ్వు తీసుకో, ఆవిడ బల్ల దగ్గర ఉంటుంది, నీకు ఇష్టం లేకపోతే రేపట్నుంచి ఆ వంటవాణ్ణి రమ్మంటాను అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఏప్రన్ ఊడదీసి బల్ల మీద పడేశాను. నాకేం అక్కర్లేదు, మా వదిన పొయ్యి నేను తీసుకోను, మీ వంటవాణ్ణే పిలుచుకోండని అనేశాను. ఇంకా ఏమేమో అనేదాన్నే, వదిన వచ్చి నా రెక్క పట్టుకుని వెనక గదిలోకి లాక్కుపోయింది. బియ్యం బస్తాలకి ఆనుకుని నిలబడి, అప్పటికి తొలిసారి ఏడ్చింది. శబ్దం లేకుండా, మొహం తుడుచుకోకుండా ఏడ్చింది. నేను పట్టుకోబోతే నా చెయ్యి తోసేసింది.

"తీసుకోవే. వాడెవడో వస్తే నన్ను దగ్గరికి కూడా రానివ్వడు. నువ్వుంటే కనీసం చప్పుడైనా వింటాను."

ఏడుపు ఆపుకుని నా ఏప్రన్ తెచ్చి తనే కట్టింది. ముడి అంత బిగించి వేసింది, ఊపిరాడలేదు.

మధ్యాహ్నానికి హాలు నిండింది. మొదటి కార్బొనారాకి బాణలి పొయ్యి మీద పెట్టాను. నా బల్ల దగ్గర, నా కత్తితో, వదిన బీన్సు తరుగుతోంది. నాకంటే మందంగా తరుగుతుంది, ఇంకో రోజైతే ఏకిపారేసేదాన్ని. పాస్తా వేశాను, నీళ్ళు పోశాను. బాణలి చెవి పట్టుకోబోయాను.

"ఇంకా కాదు" అంది వెనకనుంచి. కత్తి చప్పుడు ఆగింది.

నాకైతే అంతా ఒకటే చిటపట. నోరు కట్టేసుకుని నిలబడ్డాను.

"దించు."

దించాను. సొన పోసి తిప్పాను. ముక్కలవలేదు. పాస్తా చుట్టూ మీగడలా చిక్కగా పట్టుకుంది. గరిటెతో రుచి చూసి, అలవాటు కొద్దీ వెనక్కి తిరిగాను. వదిన నా మొహం చూసింది, నేను నోరు తెరిచే లోపలే, "సరిపోయిందిలే, పెట్టు" అని మళ్ళీ బీన్సు వైపు వంగింది.

కాసేపటికి రోజూ వచ్చే గుమాస్తా ఒకాయన ఖాళీ ప్లేటుతో కిటికీలోకి తల పెట్టాడు. పొయ్యి దగ్గర నన్ను చూసి, నీ చేతివంటా మీ వదిన వంటకేం తీసిపోలేదు సుమా అన్నాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇది నేను చేసింది కాదండీ, మా వదినే చేసిందని చెప్పాను. ఆయనకి ఏమీ అర్థంకాక బల్ల వైపు చూశాడు.

"ముందు ఆ ప్లేటు తీసుకోవే" అంది వదిన, తల ఎత్తకుండా.