ఉచ్చీరమ్మ చేన్లో దిగిన పెట్టె

ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే దారిలో ఉచ్చీరమ్మ చేను దాటేటప్పుడు మేకలు కూడా తల వంచుకుని పోతాయంటారు. మొగుడు పోయినప్పటి నుంచి రెండెకరాల పత్తిని ఒంటిచేత్తో కాపాడుకొస్తున్న మనిషి. తిట్లు కురిపించే ఆమె నోరే ఆ చేనుకు కంచె.

అలాంటి చేన్లో ఒక పొద్దున ఆకాశం నుంచి ఎర్రటి పారాచూట్ కట్టుకుని తెల్ల పెట్టె ఒకటి దిగింది. పత్తిచెట్లు విరిగాయి. ఉచ్చీరమ్మ ముందు ఆకాశాన్ని తిట్టింది. ఆటో తోలే దేవేంద్ర వచ్చి పెట్టె మీది తెలుగు రాత చదివాడు. నక్షత్రాల నుంచి వచ్చే కిరణాలను కొలిచే యంత్రమట, బెలూన్‌లో పైకి పంపారట, తెరవకుండా ఫోన్ చేయమన్నారు. చేసి ఆమె చేతికిచ్చాడు.

"అది మా ఎనిమిదేళ్ళ పని అవ్వా," అంది అవతల ఒక అమ్మాయి. "హైదరాబాదు నుంచి బయల్దేరాం. అందాకా ఎవరినీ తెరవనీయొద్దు."

"రాండి తల్లీ, ఈడనే ఉంటాను," అనేసింది ఉచ్చీరమ్మ. మాటిచ్చాక వెనక్కి తీసుకోవడం ఆమెకు చేతకాదు.

మధ్యాహ్నానికి ఊరంతా చేన్లోనే. బాంబని ఒకరు, లోపల బంగారు తీగలున్నాయని ఒకరు. మరిది ఆదెప్ప గడ్డపార పట్టుకొచ్చాడు.

"జరుగు వదినా. మన సేన్లో పడింది మనదే."

"ముట్టుకుంటే సేతులు ఇరుగుతాయి!"

ఆదెప్ప నవ్వాడు. వాడి వెనక ఇంకా నలుగురున్నారు. నోరు చాలని రోజు ఒకటొస్తుందని ఉచ్చీరమ్మ ఎన్నడూ అనుకోలేదు. పైనుంచి దిగిందేదో దేవుడే అయ్యుంటుందని పక్క చేను చౌడమ్మ పసుపు, కుంకుమ, టెంకాయ తెచ్చి నిలబడి ఉంది. ఉచ్చీరమ్మ వాటిని లాక్కుని, పసుపు కుంకుమ పెట్టెకు పూసి, దాని మీదే టెంకాయ కొట్టింది.

"ఇప్పుడెయ్యప్పా గడ్డపార!"

కుంకుమ పెట్టినదాని మీద ఇనుము ఎత్తే మగాడు ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. అందరికంటే ముందు ఆదెప్పే చెప్పులు విడిచాడు.

అప్పుడు చూసిందామె. టెంకాయ నీళ్ళు మూత సందులోకి దిగిపోతున్నాయి. కొంగుతో ఒత్తింది. లోపలికి పోయినవి తిరిగొస్తాయా? కాపాడబోయి తనే చెడగొట్టిందా? కోడుమూరు దాటామని దేవేంద్రకు ఫోన్ వచ్చినప్పుడు కూడా ఆమె ఇంకా ఒత్తుతూనే ఉంది.

జీపు దిగింది ఫోన్‌లో మాట్లాడిన అమ్మాయే, పేరు మనస్విని. పెట్టెను చూడగానే ముఖం పాలిపోయింది.

"ఈ నీళ్ళు ఎవరు పోశారు?"

"నేనే తల్లీ. వేరే దారి దొరకలే."

మనస్విని మరలు విప్పుతుంటే ఉచ్చీరమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాత ఆ పిల్ల ఏడుస్తూ వచ్చి ఆమెను వాటేసుకుంది. మూత కింది రబ్బరు నీళ్ళను ఆపేసింది, లోపల తడి లేదు.

"ఇంతకూ పైన ఏముండాదంట?"

"ఇప్పుడే తెలీదవ్వా. లెక్కలు తేలడానికే ఏళ్ళు పడతాయి. ఏమీ తేలకపోతే మళ్ళీ పంపాలి."

ఉచ్చీరమ్మకు ఒళ్ళు మండింది. పగలంతా ప్రాణం ఉగ్గబట్టుకుని నిలబడింది ఇందుకా! తిట్టబోయి, పెట్టెను పసిబిడ్డలా జీపెక్కిస్తున్న ఆ పిల్లను చూసి ఆగిపోయింది.

"తేలినంక ఒక్కమాట వచ్చి సెప్పు తల్లీ," అంది. "నేను లేకపోతే, ఈ సేనుకైనా సెప్పిపో."