దిగుడుబావి ఎదుట నిలబడ్డ అవ్వ

ఉద్యోగం కొత్తలో మనిషికి జీతం కన్నా ముందే గర్వం అందుతుంది. అరవైల మొదట్లో డ్రాయింగు మాస్టరుగా మర్రిగూడలో దిగేనాటికి, లోకం నన్ను త్వరలోనే గొప్ప చిత్రకారుడిగా గుర్తిస్తుందని నా గట్టి నమ్మకం. (లోకం సంగతి అటుంచి, రోజూ అన్నం పెట్టే హోటలాయనే నెల దాటినా నన్ను గుర్తుపట్టేవాడు కాదు.) బడి వదలగానే పిల్లలు చేన్లకు పరుగెత్తేవారు, తోటి పంతుళ్లు సైకిళ్లెక్కి సొంత ఊళ్లకు పోయేవారు. శనివారం మధ్యాహ్నం కిరాయి గది తాళం తీసి లోపలికి వెళితే, సోమవారం హాజరు పిలిచేదాకా నా గొంతు నాకే వినిపించేది కాదు.

అందుకే ఆదివారాలు రంగుల పెట్టె పట్టుకుని ఊరి బయట గుట్ట కిందికి వెళ్లేవాణ్ని. అక్కడొక పాడుబడ్డ దిగుడుబావి, దాని వెనక నల్లటి గుండ్లు, తుమ్మచెట్లు. బొమ్మ బాగానే వచ్చేది గానీ ఉసూరుమంటూ ఉండేది. చెట్టూ పుట్టా ఎంత వేసినా, అందులో ఒక మనిషి ఉంటే తప్ప ప్రాణం రాదని మా గురువుగారు అనేవారు. ఆ మనిషి దొరికింది. బావికి అవతలి గట్టున మేకలు కాసే అవ్వ ఒకామె గొంగడి కప్పుకుని, కట్టె ఆనించుకుని నిటారుగా నిలబడి ఉండేది. నేనున్నంతసేపూ కదిలేది కాదు. మేకలు ఎవరి చేనులోనో పడ్డా కదిలేది కాదు. నా కుంచె మహిమకు ముగ్ధురాలైందనుకున్నాను. వడగాలికి రంగు పరిచేలోపే ఆరిపోతుంటే తల అడ్డంగా ఊపుకుంటూ, నిట్టూరుస్తూ, బావి వైపు కళ్లు చికిలించి చూస్తూ గీసేవాణ్ని.

ఒక ఆదివారం ఆమెను పలకరిద్దామని లేచి, బావి అంచు మీదుగా అటు అడుగు వేశాను. ఎన్నడూ కదలని అవ్వ కట్టె పారేసి, పరుగులాంటిదేదో అందుకుని వచ్చి నా చొక్కా గట్టిగా పట్టుకుంది.

“వద్దు బిడ్డా. ఇంటికాడ నీకు తల్లి ఉన్నదా లేదా?” అంది ఆయాసపడుతూ.

సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. వారం వారం ఒక్కడే వచ్చి, బావినే చూస్తూ తల ఊపే పంతులు ఏదో ఒకనాడు అందులో దూకుతాడని ఆమె భయం. నేను లేచి ఊరి దారి పట్టేదాకా కాపలా కాసేదట. మరి కూర్చోకూడదా అని అడిగాను.

“కూసుంటే లేవరాదు. గీ ఊరి నీళ్లకు మోకాళ్లు బిగుసుకపోయినయి. నువ్వు దుంకినంక లేస్తే ఏం ఫాయిద?”

దూకడానికి కాదు, బొమ్మ వేయడానికి వచ్చానని కాగితం చూపించాను. చాలాసేపు వెతికి, గోరంత ఉన్న తనను పోల్చుకుని, ఎండలో అంతసేపు నిలబడితే ఇంతేనా అని నొచ్చుకుంది. తర్వాత, మరి బొమ్మలో నువ్వెక్కడున్నవని అడిగింది. వేసేవాడు బొమ్మలో ఉండడని శాస్త్రం చెప్పబోయాను.

“నన్నొక్కదాన్నే నిలబెట్టినవా? ఎవలన్న పక్కకుంటే మంచిగుంటది గదా,” అంది.

నవ్వబోయినవాణ్ని కాగితం వెనక్కి తీసుకుని మళ్లీ కుంచె తడిపాను. నేను క్షేమంగా గదికి చేరుతున్నానో లేదో చూసే మనిషి ఆ ఊళ్లో ఒకరున్నారని తెలిసిన రోజు అది. ఆమె మూట విప్పి జొన్నరొట్టెలో సగం నా చేతిలో పెట్టింది. తింటుండగా చేను తాలూకు మనిషి వచ్చి, మేకల సంగతి ఎత్తి ఇద్దర్నీ కలిపి తిట్టాడు. (ఆ ఊళ్లో నన్ను మరొకరితో కలిపి మాట్లాడడం అదే మొదలు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.)

బొమ్మ ఇప్పటికీ ఉంది. అవ్వ పక్కన హడావుడిగా ఇరికించిన పొడుగుచేతుల మనిషొకడు ఉంటాడు. ఆ రెండోవాడు బొమ్మను పాడుచేశాడని చూసినవాళ్లంతా అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. వాళ్లు వెళ్లాక మాత్రం ఆ కుర్రవాడికేసి చూస్తూ కాసేపు అక్కడే నిలబడతాను.