మెత్తనివే పెట్టాను

మా అమ్మాయికి ఎత్తుపళ్ళు నా నుంచే వచ్చాయి. కళ్ళు వాళ్ళ నాన్నవి, జుట్టు మా అత్తగారిది, పళ్ళు మాత్రం అచ్చంగా నావి. చిన్నప్పుడు బళ్ళో నన్ను "కొబ్బరికోరాం" అని పిలిచేవారు. నా పెళ్ళి ఫొటోల్లో ఒక్కదాంట్లో కూడా నేను నవ్వలేదు. నీకు ఈ పెళ్ళి ఇష్టం లేదేమో అనుకున్నానని మా ఆయన ఇప్పటికీ ఏడిపిస్తుంటారు.

అందుకే పిల్ల తొమ్మిదో తరగతికి రాగానే ఏలూరులో పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. దానికి ఇష్టం లేదు. "నాకు బానే ఉన్నాయి కదమ్మా" అంది. "నీకేం తెలుసే, ఊరుకో" అన్నాను. ఊరుకుంది. దాని నోటి సంగతి దానికన్నా నాకే బాగా తెలుసని నా ధీమా.

పంటికో చిన్న బిళ్ళ అతికించి, వాటి మీదుగా తీగ లాగి, రంగు రంగుల రబ్బరు రింగులు వేశారు. దెందులూరు దాటి మా ఊరు చేరేసరికి దవడ పట్టుకుని కూర్చుంది. మా ఆయనకి చేపల చెరువులున్నాయి. పిల్ల నోరు తెరిచి చూపించగానే, "కొంగలు దిగకుండా చెరువు మీద తాళ్ళు కట్టినట్టుందే" అని నవ్వారు. అత్తగారు నవ్వలేదు. "బంగారం లాంటి పిల్ల నోటికి ముళ్ళకంచె వేయించావమ్మా" అని నా మొహం మీదే అన్నారు. నాకు ఒళ్ళు మండింది. రెండేళ్ళయ్యాక చూద్దాం ఎవరి మాట నెగ్గుతుందో అనుకున్నాను.

డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చారు. తినకూడనివన్నీ అందులో బొమ్మలు వేసి ఉన్నాయి: పాప్‌కార్న్, చూయింగ్ గమ్, ఇంకేవో పొడుగు చాక్లెట్లు. మా ఇంట్లో తినేది ఒక్కటీ లేదు. గట్టివి తింటే బిళ్ళలు ఊడతాయని మాత్రం నా బుర్రకెక్కింది. ఇక చూడండి నా పెత్తనం. జంతికలు బంద్. చేగోడీలు బంద్. తేగలు, చెరుకు ముక్కలు, ఆవకాయలో టెంక ముక్క, అన్నీ బంద్. కొల్లేటి చేపల పులుసంటే దానికి ప్రాణం, కానీ ముల్లు తీగలో ఇరుక్కుంటుందని అదీ మాన్పించాను. ఆ కాగితంలో అడుగున తీపి గురించి కూడా ఒక వరుస ఉందట. నేను చదవలేదు. చదివినా, ఆ చాక్లెట్ల గురించే అనుకునేదాన్ని.

మొదట్లో మూడు నెలలు పక్కనే కూర్చుని తోమించాను. ముందు మామూలు బ్రష్షు, తర్వాత తీగ కింద దూరే బుల్లి బ్రష్షు, చివర పుక్కిలింత. ఎంత తోమినా పప్పులో పసుపు పట్టి ఆ రబ్బరు రింగులు రెండు రోజులకే పచ్చబడేవి. తీగ గుచ్చుకున్న చోట మైనం ముద్ద నేనే అద్దేదాన్ని. తర్వాత మా పొలంలో ఊడ్పులు మొదలయ్యాయి, కూలీలకి అన్నాలు మోయడంలో పడి తోముకోవడం దానికే వదిలేశాను. అది బుద్ధిగానే తోముకునేది. ఆ మాట ఇక్కడ రాయాలి.

నెలకోసారి తీగ బిగించిన తర్వాత మూడు రోజులు జావే. పిల్ల చిక్కిపోయింది. యూనిఫామ్ నడుము దగ్గర రెండు పిన్నులు పెట్టాల్సి వచ్చింది. దాన్ని చూస్తే ఏదో ఒకటి తినిపించాలనిపించేది, అత్తగారి చూపు తగిలితే ఇంకా. అప్పుడు దొరికాయి నాకు పూతరేకులు. మా అక్కని గోదావరి అవతల ఇచ్చారు. ఆ ఊళ్ళో ఇంటింటా రేకులు తీస్తారు. ఫోన్ చేస్తే చాలు, డబ్బాడు బస్సులో వేసి పంపేది. బియ్యప్పిండి రేకు, నెయ్యి, బెల్లం పొడి. నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. నమలక్కర్లేదు, బిళ్ళ ఊడదు, తీగ వంగదు. ఇంతకన్నా ఏం కావాలి? బడి నుంచి రాగానే ఒకటి, పడుకోబోయే ముందు పాలతో ఇంకొకటి.

"తోముకున్నానమ్మా ఇప్పుడే" అనేది.

"గాలిలా ఉంటుంది, దానికేమవుతుందే. తిను" అనేదాన్ని.

తినేది. ఆ బెల్లం పొడి తెల్లవార్లూ బిళ్ళల చుట్టూ పేరుకుని ఉంటుందన్న ఆలోచన ఒక్కసారి కూడా నాకు రాలేదు. మెత్తనిదంటే మంచిదే అనుకున్నాను. పిల్ల కాస్త ఒళ్ళు చేసింది. నేను గెలిచాననుకున్నాను. ఆ తర్వాత వానలకి చెరువు గట్లు తెగేలా ఉండటంతో రెండు నెలలు ఏలూరు వెళ్ళడం కుదరలేదు.

మళ్ళీ వెళ్ళిన రోజున డాక్టరమ్మ అద్దం పెట్టి చూశారు. ఒక బిళ్ళ తీశారు. ఇంకొకటి తీశారు. నన్ను దగ్గరికి పిలిచారు. బిళ్ళ ఉన్నచోట పన్ను బానే ఉంది. దాని చుట్టూ తెల్లగా, సుద్ద పూసినట్టు మరక. ముందు పళ్ళన్నిటికీ అంతే. పక్క పన్నొకటి పుచ్చింది.

"ఈ మరకలు పోవండీ. బిళ్ళలూ తీగా మొత్తం తీసేయాలి. ఇలాగే ఉంచితే సరిచేయడానికి పళ్ళే మిగలవు" అన్నారు. పళ్ళు అప్పటికి సగమే లోపలికి వచ్చాయి. తర్వాత నా వైపు తిరిగారు. "రోజూ తీపి తింటే తప్ప ఇంతలా అవదండీ. ఏం పెడుతున్నారు? తల్లిగా మీరేం చూస్తున్నారండీ?"

పక్క కుర్చీలో ఇంకో పిల్ల, ఆ పిల్ల తల్లి. ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"అమ్మ కాదండీ" అంది మా అమ్మాయి. "నేనే. అమ్మకి తెలీకుండా చాక్లెట్లు కొనుక్కున్నాను. తోముకున్నానని అబద్ధం కూడా చెప్పాను."

డాక్టరమ్మ దాన్ని కేకలేశారు. నేను చేతిసంచి పట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాను. ఒక్క మాట, "కాదండీ, పెట్టింది నేనే" అంటే సరిపోయేది. అనలేదు.

ఇంటికొచ్చాక కథ అక్కడితో ఆగలేదు. అత్తగారు "నోరు కట్టుకోలేకపోయావుటే?" అన్నారు. ఎప్పుడూ దాన్ని పల్లెత్తు మాట అనని మా ఆయన, "మీ అమ్మ నీకోసం ఎంత తిరిగిందో కూడా గుర్తులేదా?" అన్నారు. ఆ మాట విని కూడా నేను చారు వడ్డిస్తూనే ఉన్నాను. మిగిలిన పూతరేకుల డబ్బా మర్నాడు పొద్దున్నే తీసుకెళ్ళి పనివాళ్ళకి పంచేశాను. నోట్లో కరిగిపోయే రేకుల వల్ల పళ్ళు పాడయ్యాయని ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు.

వారం తర్వాత మొత్తం తీసేశారు. పిల్ల చూసుకుని అద్దం తిరిగి ఇచ్చేసింది. పళ్ళు ఇంకా ఎత్తుగానే ఉన్నాయి, పైగా మరకలు. అంతకుముందు పగలబడి నవ్వే పిల్ల, టీవీ చూస్తూ నవ్వొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం మొదలెట్టింది. నేను పదిహేనేళ్ళ వయసులో పెట్టుకున్నట్టే. దానికి అది తప్పించాలనే కదా నేను ఇదంతా చేసింది! వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. ఏడుపు వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు.

ఆదివారం మధ్యాహ్నం అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు అత్తగారు మళ్ళీ ఎత్తుకున్నారు. ఇక ఉండబట్టలేక గరిట పక్కన పెట్టి చెప్పేశాను. "దాన్ననకండి అత్తయ్యగారూ. చాక్లెట్లూ లేవు, ఏమీ లేవు. రెండు పూటలా తీపి పెట్టింది నేను. అది వద్దన్నా పెట్టాను."

మా ఆయన కంచంలోంచి చెయ్యి తీసేశారు. పిల్ల నా దగ్గరికి వస్తుందని, వచ్చి పట్టుకుంటుందని అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

"ఇప్పుడెందుకమ్మా?" అంది. గట్టిగా కూడా అనలేదు. "అందరి ముందూ డాక్టరమ్మ నిన్ను అలా అంటుంటే చూడలేక అన్నాను. అనేసి నీ వైపు చూశాను. కాదంటావనుకున్నాను."

నేను ఆ రోజు నేలకేసి చూస్తున్నాను కదా. అది నా వైపు చూసిన సంగతే నాకు తెలియదు.

కంచం తీసుకుని పెరట్లోకి వెళ్ళి కడుక్కుని వచ్చింది. ఇది జరిగి ఏడాది కావస్తోంది. పళ్ళు ఇంకా పుచ్చకుండా పూత వేయించుకోవడానికి మూడు నెలలకోసారి ఏలూరు వెళ్తోంది. వాళ్ళ నాన్నతో వెళ్తోంది. నేనూ వస్తానంటే, "వద్దులే అమ్మా, నీకు పనుంటుంది" అంటోంది.