కథ ఉంటేనే ముద్ద దిగే మామ

మా మేనమామ మల్లయ్య కోరుట్లలో తుదిశ్వాస విడిచాడన్న దుర్వార్తను నలుగురికీ చేరవేసే దౌర్భాగ్యం మొన్న నాకే దక్కింది. నా మాట దేన్నీ నమ్మని బంధువర్గం ఆ ఒక్కటీ మారు ప్రశ్న లేకుండా నమ్మింది.

సిరిసిల్లలో నలభై ఏళ్లు సాంచలు నడిపిన మనిషి. ఆ మరమగ్గాల మోతకు చెవులు మందగించినా, నా అబద్ధాల విషయంలో ఆయన వినికిడి అక్షయం. పళ్లెం ముందు కూర్చుంటే చాలు, "అల్లుడా, ఓ కథ చెప్పు, ముద్ద దిగుతది" అనేవాడు.

నిరుడు వెల్గటూరు నుంచి తెచ్చిన గోదావరి చేపతో తింటుండగా ఆయన గొంతులో ముద్ద అడ్డుపడింది. నా నోరు ఊరుకోలేదు. "గది మామూలు చేప కాదు మామా. వలేసినోణ్ని మూడూర్లు గుంజుకపోయింది. దాని ముల్లు నీ గొంతుల కాపురం పెట్టింది!" ఇల్లంతా నవ్వింది. ముల్లు గుచ్చుకుంటే ఎవరైనా చేసేదే చేశాం: నమలకుండా అన్నం ముద్దలు మింగించాం. ఊళ్లో డాక్టరు "ఎప్పటిసంది?" అంటే మామ నా కథంతా మురిపెంగా వినిపించాడు. ఆయన టార్చి వేసి చూసి, "ముల్లు పోయింది, గీరుకున్నది, మానుతది" అన్నాడు. మూడు నెలలు గడిచినా మానలేదు.

జగిత్యాలకు తీసుకెళ్తే, అక్కడి డాక్టరమ్మ మాత్రం ఆ కథకు చేయి అడ్డం పెట్టింది. "చేప ముచ్చట పక్కకు పెట్టు పెద్దాయనా. ముందుగాల ఏది దిగలే? రొట్టెనా, నీళ్లా?"

మామ నా మొహం చూశాడు. అత్త జవాబిచ్చింది: "రొట్టెనే అమ్మా. చేపకంటె రెండు నెలల ముంగటి నుంచే చారుల నానవెట్టుకొని తిన్నడు. ఎనుక మెత్తటి బువ్వ. ఇప్పుడు గంజి గూడ దిగుతలేదు. అంగీ సూడు, ఎంత ఒదులైందో."

"మరి ఎవ్వలకు చెప్పలేదా?"

"ఎవ్వలడిగిండ్రు? అందరు ముల్లే అనిరి."

గొట్టం వేసి చూస్తే అన్నవాహికలో క్యాన్సర్ గడ్డ. ఆపరేషన్ చేసే దశ దాటిపోయింది. ముందే వస్తే ఏమయ్యేదని అడిగాను. ఆమె కాగితాలు మడిచి అత్త చేతికిచ్చింది.

చెంచాడు నీళ్లు కూడా దిగని చివరి వారంలో ఒప్పుకున్నాను. "ముల్లు లేదు మామా. నేను పుట్టించిన."

"ఎరుకే అల్లుడా. నాకు గూడ ముల్లయితేనే మంచిగనిపిచ్చింది. ఇంకోటి చెప్పు."

చెప్పాను. చెంచాతో పోసిన నీళ్లు పెదవి చివర నుంచి జారిపోయాయి.

మూడోనాడు పిట్టకు పెట్టాం. జొన్నరొట్టె, చేపకూర. కాకి వాలలేదు. "నువ్వన్న ఏదన్న ముచ్చట చెప్పు కొడుకా" అంది అత్త. నా అబద్ధాలన్నింటికీ ఏకైక ఆశ్రయమైన ఆ దయామయుడికి అర్పించడానికి నా దగ్గర మిగిలింది ఈ నిజమొక్కటే.