మూడో వరసలో మా అప్ప

మా బొమ్మల నవలకి పెద్ద సాహిత్య అవార్డు వచ్చిందని తెలిసిన పూట నేను హుకుంపేట దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లల చేత పనసకాయ గీయిస్తున్నాను. ‘మా’ నవల అన్నాను గాని ఆ మాట మీద నాకే నమ్మకం లేదు. అవార్డు రచయితకి. ఆయన విశాఖపట్నంలో ఉంటారు, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు, కథలు రాస్తారు. బొమ్మలు నావి. పుస్తకం మొత్తంలో ఆయన మాటలు పోగేస్తే ఒక పెళ్లి శుభలేఖకి సరిపోతాయి, మిగతాదంతా నేను గీసిందే. అయినా అది సాహిత్యానికి ఇచ్చే అవార్డు, సాహిత్యమంటే రాసేది, కాబట్టి రాసినాయన పేరే టీవీలో కింద పట్టీ మీద పరిగెత్తింది. మా హెచ్చెమ్ గారు మాత్రం స్టాఫ్ రూములో నాకు జీడిపప్పు బిస్కట్లు పెట్టించారు.

బొమ్మల పుస్తకానికి సాహిత్య అవార్డేమిటని కొందరు పెద్దలు పత్రికల్లో అలిగారు. బయటి దేశాల్లో ఇలాంటి నవలలకి ఎప్పుడో పెద్ద పెద్ద బహుమతులు వచ్చేశాయి, మనమే ఇంకా ఓనమాల దగ్గర ఉన్నామని ఇంకొందరు వాళ్ల మీద విరుచుకుపడ్డారు. రెండు పక్షాలూ రాసినవి శ్రద్ధగా చదివాను. బొమ్మ కూడా కథ చెబుతుందని నిరూపించడానికి వాళ్లు పడిన తంటాలు చూస్తే నాకు ఒళ్లు మండింది. మా తాతని ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

మాది పార్వతీపురం పైన కొండల్లో ఊరు. మా తాత గోడల మీద బొమ్మలు వేసేవాడు. మాలో ఎవరైనా పోతే, ఎర్రమట్టితో అలికిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో వాళ్ల కోసం బొమ్మ వేస్తారు. కొస నమిలి మెత్తగా చేసిన వెదురుపుల్లే కుంచె. పోయిన మనిషి, ఆ మనిషి ఇల్లు, గొడ్లు, చెట్లు, చుట్టూ అడివి అన్నీ ఉండాలి. తాత పని అయిపోయాక పూజారి గోడ ముందు కూర్చుని పోయినవాళ్లని పిలిచి అడుగుతాడు, ఇందులో ఏం తక్కువైంది చెప్పమని. పోయినవాళ్లు పూజారి నోటితో జవాబు చెబుతారు. నా గొడుగు ఏదీ అని ఒకరు అడిగితే తాత గొడుగు వేశాడు. మా ముసలి మేనత్త అయితే నా కోడిపుంజుని మరిచిపోతారా అని అలిగి కూర్చుంది. బతికున్నన్నాళ్లూ ఆవిడ మాట ఎవరూ వినలేదు గాని, చచ్చాక వినక తప్పలేదు. పుంజుని వేశాకే బొమ్మ అయినట్టు.

అంచేత మా దగ్గర గోడకెక్కిన మనిషంటే పోయిన మనిషే. ఇది తెలిసి కూడా మా అప్ప కథని బొమ్మల్లో వేయడానికి నేను ఒప్పుకున్నానంటే, అప్పే వేయమంది కాబట్టి. ‘కాయితం మీదే కదా, తిరిగొచ్చింది కూడా ఎయ్యి, ఏటీ కాదు’ అంది.

అప్పంటే నాకంటే పెద్దది, నా తోడబుట్టింది. మా ఊరికి రోడ్డు లేదు. తొలికాన్పు నొప్పులప్పుడు వానలో అప్పని డోలీలో దింపారు. డోలీ అంటే గెడకర్రకి దుప్పటి కట్టి అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మొయ్యడమే. గెడ్డ, అంటే కొండవాగు, పొంగింది, దాటలేక రాతి కింద ఆగారు. మా బావ ఏడుస్తుంటే నొప్పులు పడుతున్న అప్పే ఆయన్ని ఊరుకోబెట్టింది. చివరికి పార్వతీపురం ఆసుపత్రికి చేరారు, ఆడపిల్ల పుట్టింది. తర్వాత కొన్నాళ్లకి అప్ప పిల్లని గుడ్డతో గుండెకి కట్టుకుని కొండెక్కి నడిచే వచ్చింది. వస్తూ వస్తూ మోసినవాళ్లని ఆటపట్టించింది: ‘దిగినప్పుడు మోసినారు, ఎక్కినప్పుడు నడిపిస్తన్నారు, ఇదేటి లెక్క?’

పుస్తకంలో నాకు బాగా ఇష్టమైన పేజీలు ఆ తిరిగి రావడానివే. అప్ప విస్తళ్లకి అడ్డాకులు కోసుకోవడానికి ఆగింది, పిల్లకి దోమ కుట్టిందని దోమని తిట్టింది, ఇంటి వాకిట్లోకి రాగానే కుక్క గుర్తుపట్టక మొరిగింది. కుక్కని గీయడానికి నేను ఎంత కష్టపడ్డానో చెబితే నవ్వుతారు. గుర్తుపట్టని మొహం ఒకటి, గుర్తుపట్టాక సిగ్గుపడిన మొహం ఒకటి రావాలి కదా.

పుస్తకం అచ్చయి వచ్చాక చూస్తే ఆ పేజీలు లేవు. డోలీ మంచులోకి దిగిపోతుంది, తర్వాత ఒక తెల్ల కాగితం. దాని అడుగున ఆయన రాసిన ఒక్క వాక్యం, ‘ఆమె తిరిగి రాలేదు’ అని. వెనక అట్ట మీద మా ఊరి పేరు, ఇది నిజంగా జరిగిన కథ అన్న మాట.

ఫోన్ చేశాను. ఆయన కోపగించుకోలేదు. ఎప్పుడూ కోపగించుకోరు, అదే నాకు చెడ్డ చిరాకు.

‘ఆ పేజీలుంటే పుస్తకం నీరసించిపోతుందమ్మా. పాఠకుడు హాయిగా నిద్రపోతాడు. వాడి నిద్ర చెడగొట్టడం కదా మన పని’ అన్నారు.

‘మా అప్ప బతికుంది కదండీ.’

‘అదృష్టవంతురాలు. కాని బతకనివాళ్లు ఎంతమందో ఆలోచించు. వాళ్లందరి కోసం ఈమె చనిపోయింది, కథలో.’

ఆ మాటలో కొంత నిజం ఉంది, అదే ఇంకా బాధ. మా కొండల్లో డోలీలోనే ప్రాణం పోయినవాళ్లున్నారు. కాని వాళ్ల కథ కావాలంటే వాళ్ల ఇళ్లకి వెళ్లి అడగాలి. దానికి కొండ ఎక్కాలి. మా అప్ప కథ నా నోటి దగ్గర, ఆయన ఇంట్లో, ఫ్యాను కింద దొరికింది.

పుస్తకాన్ని బావ ముచ్చటపడి ఇంటికి పట్టుకెళ్లాడు. బడి మాస్టారు అందరినీ కూర్చోబెట్టి చదివాడు. చివరి వాక్యం విని అప్ప చింతపండు పిక్కలు తీస్తూ ‘నానిక్కడే ఉన్నాను కదా’ అని నవ్విందట. అందరూ నవ్వారు. అప్ప అత్త మాత్రం నవ్వలేదు. ఆ ఏడు అల్లం కుళ్లిపోయింది, దూడ చచ్చింది. ఎవరింట్లో మాత్రం అల్లం కుళ్లదు, కాని ఈ ఇంట్లో దానికొక కారణం దొరికింది. బతికున్న మనిషిని పోయినవాళ్లలో కలిపేశారు, ఇక ఆమె చేతి వంట తినొచ్చా, కొత్తల పండక్కి అందరితో కూర్చోబెట్టొచ్చా అన్న మాట బయల్దేరింది. కొత్తల పండగంటే ఆ ఏటి పంటని ముందు దేవతకి పెట్టి ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తినే పండగ. ఆ ఏడాది అప్ప అరుగు మీద విడిగా తింది. పిల్ల తల్లి దగ్గరికి పోతానని ఏడిస్తే లోపలికి లాక్కెళ్లారు.

నేను వెళ్లి పూజారితో దెబ్బలాడాను. బొమ్మ వేసింది నేనే, బతికుందని నేనే చెబుతున్నాను, ఇంకేం కావాలన్నాను. పూజారి పొగాకు చుట్ట ఆర్పి, నిదానంగా చెప్పాడు.

‘నువ్వు తిరిగొచ్చింది కూడా ఏసినావు కదే గుంటా. నీ తప్పు నేదు. అది తీసీసినోడు ఉన్నాడు కదా, ఆడొచ్చి పదిమందిలో ఆడి నోటితో సెప్పాల, ఈ మనిషి బతికున్నాదని. అప్పుడు అయిపోద్ది.’

సరిగ్గా అప్పుడే అవార్డు వచ్చింది. రెండో ముద్రణ కూడా వచ్చింది. అట్ట మీద బంగారు రంగు ముద్ర వేశారు, పేజీలు మాత్రం వేయలేదు. నేను మళ్లీ ఫోన్ చేసి ఊళ్లో జరుగుతున్నదంతా చెప్పాను. ఆయన చాలాసేపు విన్నారు. ‘అద్భుతంగా ఉందమ్మా. ఇది ఇంకో పుస్తకం అవుతుంది’ అన్నారు. ‘పుస్తకం కాదండీ, మా అప్ప’ అన్నాక సర్దుకుని, అరకులో సన్మానసభ పెడుతున్నారని, అప్పని తీసుకురమ్మని, వేదిక మీదికి పిలిచి తనే చెబుతానని మాటిచ్చారు. పేజీలు కూడా వచ్చే ముద్రణలో పెట్టిస్తానన్నారు. అప్పుడు నమ్మాను. పెద్దమనిషి కదా, వయసుకైనా ఒక మాట ఉంటుంది కదా అనుకున్నాను.

అప్ప పెళ్లినాటి చీర కట్టుకుని వచ్చింది. బావా, సాక్ష్యానికని పూజారి తమ్ముడూ కూడా వచ్చారు. హాలు గుమ్మంలో మా బడి పిల్లల చేత థింసా ఆడించారు. అతిథులు పిల్లల నడుముల మధ్య దూరి ఫోటోలు దిగారు. వేదిక వెనక గుడ్డ మీద నా డోలీ బొమ్మ, దాని మీద ఆయన పేరు. నాకు చివరి కుర్చీ ఇచ్చి శాలువా కప్పారు. అప్ప మూడో వరసలో అంచు కుర్చీలో కూర్చుని నన్నే చూస్తోంది.

అవార్డు ఎంపిక సంఘంలో ఉన్నాయన మాట్లాడారు. గొంతు బాగుంది. మిగతా పుస్తకాలన్నీ పక్కన పెట్టి దీన్నే ఎందుకు ఎంచామో చెబుతానన్నారు. ఆ తెల్ల కాగితం వల్లేనట. ఏ మాటా, ఏ గీతా చెప్పలేని దుఃఖాన్ని ఆ ఖాళీ చెప్పిందట. పుస్తకం నిండా నేను గీసిన గీతల్లో ఆయనకి నచ్చింది నేను గీయని పేజీ. తర్వాత రచయిత లేచారు. ఇప్పుడు చెబుతారని నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, గొంతు తగ్గించి, ‘ఆ డోలీలో వెళ్లిపోయిన తల్లికి నివాళిగా మౌనం పాటిద్దాం’ అన్నారు.

హాలంతా లేచింది. కుర్చీలు కిర్రుమన్నాయి. అప్ప చుట్టూ చూసింది. ముందు వరసా లేచింది, పక్కవాళ్లూ లేచారు. ఆయన మాట్లాడిన పుస్తకాల తెలుగు తనకేం అర్థమవుతుంది? పదిమందీ లేచారంటే తన కోసమే, తను బతికుందని చెప్పేసినందుకే అనుకుంది. తనూ లేచి, చీర సర్దుకుని, చేతులు జోడించి అందరికీ దండం పెట్టింది. మొహం వెలిగిపోతోంది. బావ కూడా దండం పెట్టాడు. నేను లేచి మైకు వైపు రెండడుగులు వేశాను. ఎంపిక సంఘం ఆయన నా భుజం పట్టి ఆపి, ‘ఏడవకమ్మా’ అని చెవిలో అన్నారు. మౌనం అయిపోగానే యాంకరమ్మాయి భోజనాలు సిద్ధమని చెప్పింది. వేదిక ఖాళీ అయింది.

భోజనాల దగ్గర రచయితని పట్టుకున్నాను. ఆయన చేతిలో వెదురుబొంగు చికెన్ ప్లేటు.

‘మీరు మాటిచ్చారు. అదుగో, అక్కడ నిలబడి ఉంది’ అన్నాను.

ఆయన అటు చూశారు. నిజంగానే ఇబ్బంది పడ్డారు. ‘ఆయన అంత గొప్పగా మాట్లాడాక, ఆమె బతికే ఉంది అని ఎలా చెప్పనమ్మా? అవార్డు ఇచ్చినవాళ్లని అవమానించినట్టు కాదూ? తీరిగ్గా ఒక వ్యాసం రాస్తాను, అందులో చెబుతాను’ అన్నారు.

‘మా అప్పకి చదవడం రాదు’ అన్నాను. అంతకంటే పెద్ద తిట్టు నా నోట్లో ఉంది గాని, మా పిల్లలు వరసలో నిలబడి చూస్తున్నారు. శాలువా తీసి ఆయన పక్క కుర్చీలో పడేసి వచ్చేశాను.

జీపు ఎక్కాక చూస్తే ఆ శాలువా అప్ప ఒళ్లో ఉంది.

‘ఇది మర్సిపోనావు. సలిగా ఉన్నాది, నాను కప్పుకుంతాను’ అంది. కప్పుకుని, బావ వైపు తిరిగింది. ‘సూసినావా, ఎంతమంది నెగిసినారో. కలెక్టరొచ్చినా అంతమంది నెగరు. ఈపాలి కొత్తలకి నాను లోపలే కూకుంతాను. గుంటకి నానే తినిపిత్తాను.’

పూజారి తమ్ముడు తలూపాడు. తనూ అదే అనుకున్నాడు. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఊళ్లో అందరూ నమ్మేవాళ్లు, అప్ప లోపల కూర్చునేది. ఘాట్ రోడ్డు మలుపులు తిరుగుతున్నంతసేపూ అదే ఆలోచించాను. కాని అంతమంది కలిసి అబద్ధం చెప్పాక, నేను కూడా మా అప్పకి అబద్ధం చెప్పలేకపోయాను. అప్పకి మిగిలింది నేనొక్కదాన్నే.

‘ఆళ్లు నెగిసింది నువ్వు సచ్చిపోనావని, అప్పా’ అన్నాను.

అప్ప శాలువా విప్పి, మడతలు సరిచేసి, నా ఒళ్లో పెట్టింది.

కొత్తల పండక్కి నేను సెలవు పెట్టి వెళ్లాను. పుస్తకం అప్పటికి ఆ పేజీలు లేకుండానే మూడో ముద్రణకి వెళ్లింది, ఇంకో భాషలోకి కూడా పోతోందని ఎవరో చెప్పారు. లోపల అందరూ బంతిగా కూర్చున్నారు. పిల్ల ఈసారి ఏడవలేదు, అలవాటు పడింది. అరుగు మీద అప్పా, నేనూ ఒకే ఆకులో సామన్నం తిన్నాం. ఎదురింట్లో ఆ ఏడు పోయిన ముసలాయన కోసం గోడ మీద కొత్త బొమ్మ వేశారు. పూజారి దాని ముందు కూర్చుని, ఏం తక్కువైందని అడుగుతున్నాడు. ఆ మాటలు అరుగు దాకా వినబడుతున్నాయి. అప్ప చెయ్యి ఆపి అటే చూసింది.

‘సచ్చినోల్లని కూడా అడుగుతారే’ అంది. ‘నన్నెవులూ అడగనేదు.’