ఆవాల చప్పుడు నేర్పినావిడ

గురుగ్రామ్‌లో నేను పనిచేసే కంపెనీ వినికిడి యంత్రాలు తయారుచేస్తుంది. కొనేవాళ్లు వాటిని చెవి మిషన్లంటారు. ఒకప్పుడు మేము అమ్మిన మిషన్లు చాలావరకు నెల తిరక్కుండానే వెనక్కి వచ్చేవి. "ఒకటే గోల. మాట తప్ప అన్నీ వినిపిస్తున్నాయి" అని అందరిదీ ఒకటే ఫిర్యాదు. ఇంజినీర్లు విప్పి చూసి, లోపమేమీ లేదనేవారు.

అప్పుడు మా మేనేజరు నాకొక పని అప్పజెప్పాడు. మిషన్లు వాడేవాళ్లందరినీ ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చాలి. ఒకరి సందేహం ఇంకొకరు తీరుస్తారు, కాల్ సెంటర్‌కు భారం తగ్గుతుంది, కొత్త మోడల్ వచ్చినప్పుడు చెప్పుకోవడానికి జనం దొరుకుతారు. దాన్నే ఆయన 'కమ్యూనిటీ' అనేవాడు. ఆ మాటకు అంతకు మించి అర్థముందని నాకూ తెలియదు.

మొదటి రెండు వారాలూ గ్రూపు నిండా తిట్లే. ఆ తర్వాత ఒక పెద్దావిడ అందరికీ జవాబులు రాయడం మొదలుపెట్టింది. హిందీలో, చిన్న చిన్న వాక్యాలు. "మొదటి వారం బజారుకు వెళ్లకండి. ఇంట్లో ఒక్క మనిషితోనే మాట్లాడండి. కుళాయి చప్పుడుకు భయమేస్తుంది. మిషన్ తీసేయకండి, నాలుగు రోజుల్లో అది కుళాయేనని చెవికి తెలుస్తుంది." తిట్టినవాళ్లే ఆవిణ్ణి దీదీ అని పిలవసాగారు. మిషన్ వెనక్కి ఇచ్చేస్తామన్నవాళ్లు ఇంకో వారం చూస్తామన్నారు.

వివరాలు తీసి చూస్తే మెట్రో చివరనున్న వైశాలి కాలనీ చిరునామా, తెలుగు ఇంటిపేరు. కలవవచ్చా అని తెలుగులో మెసేజ్ పెట్టాను. "ఆదివారం పొద్దున్నే రామ్మా, టిఫిన్ ఇక్కడే" అని జవాబు వచ్చింది. సంగతి విని మేనేజరు సంతోషపడ్డాడు. "కొత్త మోడల్ గురించి ఆవిడ చేత నాలుగు మంచి మాటలు రాయించు. మన మాట కంటే ఆవిడ మాట ఎక్కువ నమ్ముతారు" అన్నాడు. కేటలాగు బ్యాగులో పెట్టుకుని మెట్రో ఎక్కాను.

ఆవిడ రాజమండ్రి నుంచి వచ్చి, కేంద్ర ప్రభుత్వంలో స్టెనోగా పనిచేసి రిటైరయ్యారు. నేను వెళ్లేసరికి హాల్లో ఎనిమిది మంది వంటింటికి వీపు పెట్టి, కళ్లు మూసుకుని కూర్చున్నారు. లోపల ఆవిడ కాగిన నూనెలో ఆవాలు వేశారు.

"ఏమిటిది?" అని హిందీలో అడిగారు.

"వాన" అన్నాడొకాయన. "ఎవరో కాగితం చింపుతున్నారు" అందింకొకావిడ. అందర్నీ లేపి మూకుడు చూపించి, మళ్లీ కూర్చోబెట్టి, మళ్లీ ఆవాలు వేశారు. ఈసారి ఎనిమిది మందీ పోపు అన్నారు.

వాళ్లలో ఒకాయన లక్ష్మీ నగర్‌లో కోచింగ్ సెంటర్ లెక్కల మాస్టారు. పిల్లలు అడిగే సందేహాలు వినబడక పాఠాలు మానేశారట. ఆయన భార్యను వెనక నిలబెట్టి కూరగాయల పేర్లు చెప్పించారు దీదీ. భార్య ఆలూ అంటే ఆయన భాలూ, అంటే ఎలుగుబంటి, అన్నారు. అలా చాలాసేపు అన్నీ తప్పులే చెప్పారు. చివరికి వరసగా నాలుగు సరిగ్గా చెప్పి, ఆయన ఆగిపోయారు.

"నీ గొంతు ఇలా బొంగురుపోయిందేమిటి? ఎప్పటి నుంచి?"

"ఆరేళ్లయింది" అందామె. "మీకు వినపడాలని అరిచీ అరిచీ."

మాస్టారు వెనక్కి తిరిగి ఆమె చెయ్యి పట్టుకున్నారు. మా ప్రయోగశాలలో అంతమంది చదువుకున్నవాళ్లకు అంతుపట్టని విషయం ఈవిడ గుప్పెడు ఆవాలతో తేల్చేశారు. లోపం మిషన్‌లో లేదు, మరిచిపోయిన చెవికి మళ్లీ నేర్పేవాళ్లు లేరు.

అందరూ వెళ్లాక పెసరట్టు పెడుతూ చెప్పారు. "నా మొదటి మిషన్ రెండేళ్లు బీరువాలోనే ఉండిపోయిందమ్మా. చెవికి చదువు చెప్పాలని ఒక్కళ్లూ చెప్పలేదు. నా అంతట నేను తెలుసుకునేసరికి మా ఆయన పోయారు. ఆయన మాట మళ్లీ వినలేకపోయాను."

నేను సిగ్గుపడుతూనే కేటలాగు తీశాను. ఆవిడ శ్రద్ధగా చూసి తిరిగిచ్చారు.

"బాగుంటే బాగుందంటాను. బాగోకపోతే వద్దని కూడా నేనే చెప్తాను. మీవాళ్లు ఒప్పుకుంటారా? ఇంకో మాట. ఇవాళ వచ్చినవాళ్లలో ముగ్గురివి మీ మిషన్లు కావు. గుమ్మంలో నిలబెట్టి ఏ కంపెనీ అని అడగలేను కదా."

సోమవారం ఇదంతా చెబితే మేనేజరు మొహం ముడిచాడు. "వేరే కంపెనీ వాళ్లకు మనమెందుకు నేర్పించాలి?"

"నేర్పించేది మనం కాదు సార్. ఒక్క ఆదివారం వచ్చి చూడండి" అన్నాను.

వచ్చాడు. ఆవిడ చెప్పినట్టే కళ్లు మూసుకుని రెండు గంటలు కూర్చున్నాడు. తిరుగు ప్రయాణంలో కారులో "మా నాన్నగారి మిషన్ డ్రాయర్‌లో పడి ఉంది" అన్నాడు.

ఆవిడ షరతులు రెండూ కంపెనీ ఒప్పుకుంది. ఆవిడ పాఠాలను చిన్న పుస్తకంగా వేసి ప్రతి పెట్టెలో పెట్టింది. మిషన్లు వెనక్కి రావడం తగ్గింది. కొత్త మోడల్‌కు బటన్ మరీ చిన్నదైందని, ముసలి వేళ్లకు అందదని ఆవిడే గ్రూపులో రాస్తే ఇంజినీర్లు నొచ్చుకుంటూనే మార్చారు.

మొన్న గురుగ్రామ్‌లోనే ఒక అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌లో ఇలాంటి ఆదివారం జరుగుతోందని తెలిసి వెళ్లాను. మేము పెట్టింది కాదు. నడిపిస్తున్నది రిటైరైన ఒక నర్సు. ఆవిడ ఎవరో మాకు తెలియదు, మేమెవరో ఆవిడకు తెలియదు. గుండ్రంగా వేసిన కుర్చీల్లో పాతికమంది కళ్లు మూసుకుని ఉన్నారు. ఆవిడ నన్ను చూసి కొత్తగా చేరడానికి వచ్చాననుకుని ఖాళీ కుర్చీ చూపించింది. మాట్లాడకుండా వెళ్లి కూర్చుని, నేనూ కళ్లు మూసుకున్నాను.